పావులూరి గణితమును చమత్కారప్రశ్నల బోధనాసంప్రదాయమును

గణితబోధనమునందు చమత్కారప్రశ్నలకుఁ గల స్థానమును గూర్చి యుపాధ్యాయులలో రెండు మతములు గలవు. అట్టి ప్రశ్నలు పాఠమునకు వెలియైనవి, పాఠము ముగిసిన పిమ్మట విద్యార్థుల విసుగు తీర్చుటకు మాత్రమే పనికివచ్చునవి యని కొందఱందురు. పాఠమునకు ద్వారములే యవి యని మఱికొందఱి యభిప్రాయము. ప్రాచీనగణితగ్రంథముల నిర్మాణమును పరిశీలించినచో నీ వివాదమునకు సమాధానము దొరకును. ఆ గ్రంథములలో చమత్కారప్రశ్న శాస్త్రమునకుఁ బైపూఁత కాదు, శాస్త్రశరీరములోని యవయవము. అయితే దానికి ఫలమును మాత్రమే చెప్పి హేతువును విడిచినచో నది పొడుపుకథయై మిగులును. హేతువుతోఁ గూడినప్పుడే యది శాస్త్రమగును.

సంస్కృతగణితగ్రంథములు సూత్రము, ఉద్దేశకము అను రెండంగములతో నడచును. సూత్రము క్రియను విధించును. ఉద్దేశకము ఆ సూత్రమునకు లక్ష్యమైన ప్రశ్న. వ్యాకరణమున నుదాహరణము లేని సూత్రము శిష్యుని బుద్ధి కందనట్లే, గణితమున నుద్దేశకము లేని సూత్రము నిష్ప్రయోజనమగును. మూఁడవ యంగము ఉపపత్తి. విధింపఁబడిన క్రియ యేల సరియగునో తెలుపు యుక్తికే యుపపత్తి యని పేరు. ఇది మూలశ్లోకములలో నరుదు. గురుముఖమునను, వ్యాఖ్యానములయందును నుండెడిది. సూత్రోద్దేశకములు పద్యరూపమునఁ గంఠస్థములై శతాబ్దములు నిలిచినవి. ఉపపత్తి పద్యమున కెక్కకపోవుటచే గురువు మౌనము వహించినచోట నెల్ల నది లోపించుటకు అవకాశ మేర్పడినది. చమత్కారప్రశ్నలచరిత్ర యంతయు నీ యొక్క విషయముచుట్టును దిరుగుచున్నది.

తెలుఁగునాట నీ సంప్రదాయమునకు మూలపురుషుఁడు పావులూరి మల్లన. ఇతని సారసంగ్రహగణితము తెలుఁగులోని ప్రథమశాస్త్రగ్రంథముగాఁ బరిగణింపఁబడుచున్నది. దీనికి మూలము క్రీ. శ. 9వ శతాబ్దిలో రాష్ట్రకూటరాజగు అమోఘవర్ష నృపతుంగుని కాలమున మహావీరాచార్యుఁడు రచించిన గణితసారసంగ్రహము. సంస్కృతమూలమును 1912వ సంవత్సరమున రంగాచార్యులవారు ఆంగ్లానువాదముతో మద్రాసునఁ బ్రకటించిరి. తూర్పుచాళుక్యప్రభువగు రాజరాజనరేంద్రునివలన పిఠాపురప్రాంతమునందలి నవఖండవాడను అగ్రహారముగాఁ బొందిన మల్లన యీ గ్రంథకర్తయేనా, లేక గ్రంథకర్తకుఁ దాతయా యను విషయమునఁ బండితులలో భేదాభిప్రాయము గలదు. ఆ భేదమునుబట్టి గ్రంథకాలము 11వ శతాబ్ది యనియు, 12వ శతాబ్ది ప్రారంభమనియు రెండువిధములఁ జెప్పుచున్నారు. ఏది యెట్లున్నను మల్లన కేవలము మక్కికిమక్కిగా ననువదించినవాఁడు కాఁడు. మహావీరుఁడు జైనుఁడు, అతని యుద్దేశకములలో జినాలయములును, జినపూజలును గనఁబడును. మల్లన శైవుఁడు, ఆ ప్రస్తావములను శివపరముగా మార్చినాఁడు. అంకెలను, క్రియను నిలిపి కథను మాత్రము తన శిష్యుల యనుభవమునకుఁ దగినట్లు మార్చుట బోధకుని లక్షణము. ప్రశ్నయొక్క ప్రాణము కథయందుఁ గాక సంఖ్యాసంబంధమునందున్నదని తెలిసినవాఁడే యట్లు మార్పఁగలఁడు.

మహావీరుఁడు గుణకారప్రకరణమునఁ గొన్ని విచిత్రమైన యుద్దేశకము లిచ్చినాఁడు. గుణించినచో ఫలము హారమువలె రెండుప్రక్కలను సమానముగా నుండు సంఖ్యలవి. అట్టివానిని కంఠిక లని వ్యవహరించినాఁడు. 12345679ను 9చే గుణించిన 111111111 వచ్చును. 142857143ను 7చే గుణించిన 1000000001 వచ్చును. రెండు కొనలను రెండు మణులు, నడుమ సున్నల దారము. 152207ను 73చే గుణించిన 11111111 వచ్చును. 27994681ని 441చే గుణించిన 12345654321 వచ్చును. అంకెలు 6 వఱకు నెక్కి మరల దిగును. గుణకార మభ్యసించు బాలునకు పది లెక్కలిచ్చి చేయుమనినచో విసుగు పుట్టును. ఈ నాలుగిచ్చినచో, ఫలము హారముగాఁ గనఁబడినంతనే క్రియ సరియైనదని వాఁడే తెలిసికొనును. గురువు దిద్దవలసిన పని లేదు. ఇది యీ ప్రశ్నల మొదటి ప్రయోజనము.

రెండవ ప్రయోజనము ఉపపత్తియందున్నది. ఈ హారములు దైవికముగా దొరకినవా, వెదకి కూర్చఁబడినవా? 441 యనునది 21కి వర్గము. 27994681 యనునది 5291కి వర్గము. 21ని 5291చే గుణించిన 111111 వచ్చును. కావున పై గుణకారము 111111ను దానిచేతనే గుణించుటయే. ఆఱు ఒకట్లను ఆఱు ఒకట్లచే గుణించి, వరుసల నొక్కొక్క స్థానము జరపి వ్రాసి కూడినచో, ఏకస్థానమున నొకటి, దశస్థానమున రెండు, ఇట్లు నడుమ నాఱు, పిదప దిగుట చేతితో వ్రాసి చూపవచ్చును. ఇట్లే 11111111 అనునది 1111ను 10001చే గుణించిన ఫలము. 10001 అనునది 73, 137 సంఖ్యల గుణితము. 1111ను 137చే గుణించినచో 152207. హారము విప్పి మణులను వేఱుచేయుట నేర్చిన విద్యార్థి, తానే క్రొత్తహారమును గ్రుచ్చఁ బూనుకొనును. అప్పుడే పాఠము ఫలించినది. ఫలమును చూచి యాశ్చర్యపడుటతో నిలిచినవాఁడు ప్రేక్షకుఁడు మాత్రమే.

మహావీరుని గ్రంథముననే మూట ప్రశ్న యొకటి గలదు. ముగ్గురు వర్తకులు దారిలో నొక ధనపుమూటను జూచిరి. ఆ మూట తనకు దొరకినచో మిగిలిన యిద్దఱి ధనమునకు రెట్టింపుధనము తన కుండునని మొదటివాఁ డనెను. తనకు దొరకినచో మిగిలినవారి ధనమునకు మూఁడురెట్లగునని రెండవవాఁ డనెను. అయిదురెట్లగునని మూఁడవవాఁ డనెను. మూటలో నెంత, ఒక్కొక్కని చేత నెంత? ఫలము: మూటలో 15, చేతులలో వరుసగా 1, 3, 5. ఫలము వినిన బాలుఁడు సరిచూచుకొని సంతోషించును. కాని యెట్లు వచ్చెనో యెఱుఁగఁడు. యుక్తి యిది. ముగ్గురి సొమ్మును మూటతోఁ గూడ, అనఁగా సర్వధనమును ఒక రాశిగా భావింపవలెను. మొదటివాఁడు మూటతోఁ గలిసి మిగిలినవారికి రెట్టింపైనచో, రెండవ మూఁడవ వర్తకుల ధనము సర్వధనములో మూఁడవవంతు. ఇట్లే మొదటి మూఁడవ వర్తకులది నాలుగవవంతు. మొదటి రెండవ వర్తకులది యాఱవవంతు. ఈ మూఁడు వంతులను గూడఁగా ముప్పాతిక వచ్చును. ఇందు ఒక్కొక్కని ధనము రెండుమాఱులు చేరినది గనుక ముగ్గురి ధనము సర్వధనములో 3/8. ఇందుండి ఒక్కొక్క జంటను దీసివేసిన, మొదటివానికి 1/24, రెండవవానికి 3/24, మూఁడవవానికి 5/24, మూటకు 15/24. సర్వధనమును 24గాఁ గొనినచో పైఫలము సిద్ధించును. సర్వధనము 48 అయినచో నన్నియు రెట్టింపగును. ప్రశ్న కొక్కటే సమాధానమని తలఁచిన బాలుఁడు సమాధానముల పరంపరను గనును.

ఈ యుక్తికి దగ్గఱగా నుండు ప్రశ్న తెలుఁగుపల్లెలలో ముసలివారి నోట వినఁబడుచుండును. ఎగిరిపోవు పక్షులగుంపును జూచి యొకఁడు, మీరు నూర్గురా యని యడిగెనఁట. మేమును, మాయంతమందియు, మాలో సగమును, ఆ సగములో సగమును, నీవును గలిసిన నూఱగుదుమని యవి చెప్పెనఁట. గుంపులో నాలుగవవంతును ఒక పాలుగాఁ గొనినచో, 4, 4, 2, 1 కలిసి 11 పాళ్లు. అడిగినవానిఁ దీసివేయఁగా మిగిలినది 99. ఒక పాలు 9, పక్షులు 36. అక్షరజ్ఞానము లేనివారును ఫలమును 36 అని చెప్పుదురు. పదునొకండు పాళ్ల యుక్తిని చెప్పువా రరుదు. ప్రశ్నయు ఫలమును నిలిచి, నడుమనుండిన యుపపత్తి జాఱిపోయిన విధమున కిది చక్కని నిదర్శనము. ఆ యుక్తిని దెలిపిన యుపాధ్యాయుఁడు అజ్ఞాతమైన యాస్తిని దాని యజమానునకే తిరిగి యిచ్చినవాఁడగును.

కుట్టాకారమునకు మహావీరుఁ డిచ్చిన యరఁటిపండ్ల ప్రశ్నయు నిట్టిదే. సమానములైన 63 పండ్లకుప్పలును, విడిగా 7 పండ్లును గలవు. వానిని 23 మంది బాటసారులు శేషము లేకుండ సమముగాఁ బంచుకొనిరి. ఒక్కొక్క కుప్పలో నెన్ని పండ్లు? 63కును 7కును 7 సామాన్యభాజకము. కావున మొత్తము పండ్లు 7ను, కుప్పలోని పండ్లకు 9 రెట్లకంటె నొకటి యెక్కువైన సంఖ్యచే గుణించిన ఫలము. 23లో 7 లేదు గనుక ఆ రెండవసంఖ్యయే 23చే భాగింపఁబడవలెను. కుప్పకు 5 పండ్లైనచో నది 46 అగును. మొత్తము 322, ఒక్కొక్కనికి 14. ఇంతటితో విడువరాదు. మఱియొక సమాధానము గలదా యని యడుగవలెను. 5కు 23 చేర్చి 28 గాఁ గొనినను సరిపోవును. మరల 23 చేర్చినను సరిపోవును. 23 చేర్చుటే యేల యని శిష్యుఁ డడిగిన దినమున కుట్టాకారమును బోధింపవచ్చును. ఆ ప్రశ్న పుట్టకముందు చెప్పిన సూత్రము శిష్యునకు భారము.

తెలుఁగువారికి మిక్కిలి ప్రసిద్ధమైనది చదరంగపుగడుల ప్రశ్న. 64 గడులలో మొదటిదానిలో నొకటి, రెండవదానిలో రెండు, మూఁడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టించుచుఁ బోయిన మొత్తమెంత? ఫలము 18446744073709551615. ఇరువది యంకెల యీ సంఖ్యను పావులూరి గణితములోనిదిగాఁ బ్రసిద్ధమైన యొక పద్యము భూతసంఖ్యలతో బంధించినది. శరములనఁగా 5, శశి యనఁగా 1, ఇట్లు ఏకస్థానమునుండి యెడమకు నంకెలను నిలుపుకొనుచుఁ బోవలెను. ఈ పద్యము నందు రెండు పొడుపులు గలవు. మాటలనుండి యంకెలను రాఁబట్టుట యొకటి. ఆ సంఖ్య యెట్లు వచ్చెనో తెలియుట మఱియొకటి. మొదటిదానికి సాహిత్యపరిచయము చాలును. రెండవదానికి యుక్తి కావలెను. మొదటిగడి ప్రక్కన మఱియొక గింజను ఉంచినట్లు భావింపుఁడని శిష్యులకుఁ జెప్పవలెను. ఆ గింజయు మొదటిగడిగింజయుఁ గలిసి 2, రెండవగడితోఁ గలిసి 4, మూఁడవదానితో 8. ఇట్లు ప్రతిగడియు మొత్తమును రెట్టించును. 64 గడులు ముగియునప్పటికి మొత్తము 64 మాఱులు రెట్టించిన యొకటి. అరువు తెచ్చిన గింజను తిరిగి యిచ్చివేసిన ఫలము వచ్చును.

అయితే 64 మాఱులు రెట్టింపవలసినదేనా? ఇచ్చట గణితమునకును ఛందశ్శాస్త్రమునకును గల బంధుత్వము బయటపడును. వృత్తసంఖ్యను గనుగొనుటకుఁ బింగళుఁడు తన ఛందస్సూత్రములలో నొక యుపాయము చెప్పినాఁడు. సంఖ్య సమమైనచో సగము చేయవలెను; విషమమైనచో నొకటి తీసివేయవలెను; సున్న వచ్చువఱకు నిట్లు చేసి, వెనుకకు మరలునప్పుడు, ఒకటి తీసినచోట రెట్టింపును, సగము చేసినచోట వర్గమును చేయవలెను. ఆఱక్షరముల గాయత్రికి 6, 3, 2, 1, 0 అని దిగి, 2, 4, 8, 64 అని యెక్కవలెను. గాయత్రిలో వృత్తములు 64. మహావీరుఁడు గుణోత్తరశ్రేఢికి నీ మార్గమునే గ్రహించినాఁడు. చదరంగపుగడుల సంఖ్య 64 ఆఱుమాఱులు సగము చేసిన 1 అగును. కావున 2ను ఆఱుమాఱులు వర్గించిన చాలును: 4, 16, 256, 65536, 4294967296, 18446744073709551616. ఇందొకటి తగ్గించిన పద్యములోని సంఖ్య. 64 మెట్లను ఆఱడుగులలో నెక్కిన విద్యార్థి పొందు నానందము, ఫలమును వల్లించినవానికి లభింపదు.

భాషాపండితుఁడు తన పాఠముననే యిట్టి ప్రశ్నల నడుగవచ్చును. మగణము మొదలు నగణమువఱకుఁ గల యెనిమిది గణములలో ప్రస్తారక్రమమున నాఱవది యేది? ప్రస్తారమును వ్రాయకయే చెప్పుట నష్టము. 6 సమము గనుక లఘువు, సగము 3. విషమము గనుక గురువు, ఒకటి చేర్చి సగము చేయఁగా 2. సమము గనుక లఘువు. లఘువు, గురువు, లఘువు: జగణము. గణములను వల్లించిన బాలురకు నిది మొదట గారడీవలెఁ దోఁచును. ప్రస్తారమున మొదటియక్షరము ఒకటి విడిచి యొకటి మాఱుననియు, రెండవయక్షరము రెండేసికి మాఱుననియు వారే కనుగొనునట్లు చేసినచో గారడీ విద్యయగును.

భాస్కరాచార్యుఁడు 1150లో రచించిన లీలావతి యంకపాశప్రకరణమున, పది చేతులలోఁ బది యాయుధములు దాల్చిన శంభునకు చేతులయందలి యాయుధముల మార్పుచే నెన్ని రూపములు గలుగుననియు, నాలుగాయుధముల హరి కెన్ని యనియు నడిగినాఁడు. మొదటిదానికి 3628800, రెండవదానికి 24. మొదటిచేతికి నాలుగాయుధములలో నేదైనను, రెండవచేతికి మిగిలిన మూఁటిలో నేదైనను, మూఁడవదానికి రెంటిలో నేదైనను, కడపటిదానికి మిగిలినదియు. 4, 3, 2, 1 గుణింపఁగా 24. సంధ్యావందనమునఁ గేశవాదినామములు 24. ఆ మూర్తులకు శిల్పశాస్త్రమున శంఖచక్రగదాపద్మముల స్థానభేదమే గుర్తు. ప్రతిదినమును నామములు చెప్పు బాలునకు ఆ సంఖ్యకు హేతువు తెలిసినప్పుడు, గణితము గుడిలోని విగ్రహమువలె నెదుట నిలుచును. ఈ 24 మఱియొకచోటను గనఁబడును. వరాహమిహిరుఁడు 6వ శతాబ్దిలో బృహత్సంహితయందలి గంధయుక్తిలో 16 ద్రవ్యములనుండి నాలుగేసి యేఱుటకు 1820 విధములని చెప్పినాఁడు. 16, 15, 14, 13 గుణింపఁగా 43680, నాలుగు ద్రవ్యముల వరుస మాఱినను పరిమళము మాఱదు గనుక 24చే భాగింపవలెను, 1820. ఆయుధముల వరుసలో భేదమైనది గంధమునందు భేదము కాదు. ఈ వివేకమును నోటిలెక్క నేర్పదు. రెండు ప్రశ్నలను ప్రక్కప్రక్కన నుంచిన గురువు నేర్పును.

ఇట్టి ప్రశ్నలు లోకవ్యవహారమునకు దూరములని యొక యాక్షేపము గలదు. లీలావతిలో నొక తుమ్మెదలగుంపు గలదు. సగమునకు వర్గమూలమైనవియు, మొత్తములో తొమ్మిదింట నెనిమిదివంతులును పూవులకై పోయినవి. కమలమునఁ జిక్కిన తుమ్మెద యొకటియు, వెలుపల ఝంకారము చేయు నాఁడుతుమ్మెద యొకటియు మిగిలినవి. గుంపులో తుమ్మెదలు 72. తుమ్మెదలకు వర్గమూలము గట్టువాఁ డెవఁడు? ఎవఁడును లేఁడు. వ్యవహారమున కుపకరించు వడ్డీలెక్కలును, ధాన్యపుఁగొలతలును అదే గ్రంథమున సమృద్ధిగాఁ గలవు. వర్గసమీకరణమును కథలో నిమిడ్చినప్పుడు బాలుఁడు మొత్తమును దెలియఁగోరును. ఆ కోరికయే క్రియను నేర్చుకొనుటకు బలము. వ్యవహారగణితము అక్కఱచే నేర్పును. చమత్కారగణితము కుతూహలముచే నేర్పును. రెండును వలయును.

మఱియొక యాక్షేపము గట్టిది. ప్రశ్న సభలలో వాదాయుధమై, తెలియనివానిని సిగ్గుపఱచుటకు వాడఁబడుచుండును. తరగతిలోను నొకరిద్దఱు మెఱపువలెఁ జెప్పఁగా మిగిలినవారు తలవంచుకొందురు. దీనికి సమాధానము భాస్కరుని సంబోధనములందే కలదు. లీలావతి యతని కూఁతురనియు, ఆమె దుఃఖమును దీర్చుటకై గ్రంథము వ్రాసెననియుఁ జెప్పు కథ 1587లో ఫైజీ చేసిన పారసీకానువాదముతో వ్యాపించినది. మూలమున నా కథ లేదు. మూలమున నున్నది సఖుఁడనియు, బాల యనియుఁ బిలుచు పిలుపు. అది ప్రతివాదిని బిలుచు పిలుపు కాదు. ప్రశ్నను పందెముగాఁ గాక కానుకగా నిచ్చువాని పిలుపు. త్వరగాఁ జెప్పినవానిని మెచ్చుటకంటె, ఏల యని యడిగినవానిని మెచ్చిన తరగతిలో నెవ్వఁడును తల వంచుకొనఁడు. ఏలనఁగా హేతువు నడుగుటకు వేగముతోఁ బనిలేదు.

ఉపపత్తియొక్క విలువను వ్యాఖ్యాత లెఱుఁగుదురు. 1545లో గణేశదైవజ్ఞుఁడు లీలావతికి బుద్ధివిలాసిని యను వ్యాఖ్య వ్రాసి, సూత్రములకు యుక్తులు వివరించినాఁడు. మూలమునకు నాలుగువందల యేండ్లకు నించుమించుగాఁ బిదప నట్టి వ్యాఖ్య యవసరమైనదనుటయే యా హేతువులు నోటిమాటగా నిలుచుట యెంత కష్టమో సూచించుచున్నది. తెలుఁగున మల్లనపద్యములకు నిట్టి యుపపత్తివ్యాఖ్యను సమకూర్చుట సాహిత్యపరిశోధకులును గణితోపాధ్యాయులును గలిసి చేయఁదగిన పని. పద్యమును పరిష్కరించుట పండితుని పని. సంఖ్యను సరిచూచుట గణితజ్ఞుని పని. భూతసంఖ్యాపద్యములలో లేఖకదోషమువలన నొక పదము మాఱిన సంఖ్య తప్పును. సంఖ్య తెలిసినచో పాఠమును దిద్దవచ్చును. చదరంగపుపద్యమున నే పదమునకైన సందేహము వచ్చినచో, 2ను ఆఱుమాఱులు వర్గించి నిర్ణయింపవచ్చును. గణితము గ్రంథపరిష్కరణమునకు సాక్షి యగుట యిందువలన స్పష్టము.

కావున చమత్కారప్రశ్నను పాఠముచివర కాలక్షేపముగాఁ గాక, పాఠమునకు ముందు నిలుపుట ప్రాచీనసంప్రదాయమునకు సమ్మతము. ప్రశ్న నడుగుట, శిష్యుని వెదకనిచ్చుట, ఫలమును సరిచూపుట, హేతువును జెప్పించుట, అంకెలను మార్చి మరల నడుగుట అను నైదు మెట్లలో కడపటి రెండును ముఖ్యములు. 36 పక్షులని చెప్పినవానిని విడువక, గుంపు నూఱు కాక రెండువందలగుటకు వీలుగలదా యని యడుగవలెను. ఒకటి తీసిన మిగిలినది 199. అది 11చే భాగింపఁబడదు గనుక వీలులేదు. లేదని చెప్పఁగల్గిన బాలుఁడు, కలదని చెప్పినవానికంటె నొక మెట్టు పైన నున్నాఁడు.